అడగడం రాని మాల్ ఎవాన్స్

బీటిల్స్ పాట ‘ఎ డే ఇన్ ది లైఫ్’ విన్నవాళ్లకు అందులో మోగే అలారం గడియారం గుర్తుండే ఉంటుంది. జాన్ లెనన్ రాసిన భాగం అయిపోయి, పాల్ మెకార్ట్నీ రాసిన ముక్క మొదలయ్యే చోట అది మోగుతుంది. 1967 జనవరి 19న లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో ఆ పాట రికార్డింగ్‌కు కూర్చున్నప్పుడు ఆ రెండింటి మధ్య ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదు. సరే, ముందు 24 బార్ల జాగా వదిలేద్దాం, తర్వాత చూద్దాం అనుకున్నారు. ఆ జాగాలో లెక్క తప్పకుండా ఉండాలంటే ఎవరో ఒకరు నిలబడి ఒకటి నుంచి పైకి లెక్కపెట్టాలి, చివర్లో అలారం మోగించాలి. ఆ పని మాల్ ఎవాన్స్ మీద పడింది.

మరుసటి నెల ఆ ఖాళీలోకి 40 మంది ఆర్కెస్ట్రా వచ్చి చేరింది. అలారాన్ని మాత్రం ఎవరూ తీయలేదు. నిద్ర లేవడంతో మొదలయ్యే పాల్ ముక్కకు అది చక్కగా అతికింది. చెవి పెట్టి వింటే వాద్యాల హోరు కింద మాల్ అంకెలు చదువుతున్న గొంతు ఇప్పటికీ లీలగా తెలుస్తుంది. పాట చివర్న పియానోల మీద ఒక్కసారిగా పడి, సన్నగిల్లుతూ చాలాసేపు సాగే ఆ మోతలోనూ లెనన్, మెకార్ట్నీ, రింగో స్టార్, నిర్మాత జార్జ్ మార్టిన్‌ల చేతులతో పాటు అతని చేతులూ ఉన్నాయి.

ఇంతా చేసి అతను వాద్యకారుడు కాడు. బీటిల్స్‌కు రోడ్ మేనేజర్. వ్యాన్ నడపడం, ఆంప్లిఫయర్లు మోయడం, డ్రమ్ములు బిగించడం, గిటార్ తీగలు మార్చడం, టీ పెట్టడం, మీద పడే అభిమానులను ఆపడం అతని పని. పెళ్లింట్లో తాళాలగుత్తి దగ్గర పెట్టుకుని తిరిగే మేనమామలా, ఎవరికి ఏది కావాల్సి వచ్చినా ముందు అతని పేరే పిలిచేవారు.

మాల్కమ్ ఎవాన్స్ 1935 మే 27న లివర్‌పూల్‌లో పుట్టాడు. పోస్టాఫీసు వారి టెలిఫోన్ శాఖలో ఇంజనీరు. ఆరడుగులు దాటిన మనిషి, భారీ కాయం, కళ్లద్దాలు, మెత్తని మాట. 1957లో లిలీతో పెళ్లయింది. 1962 నాటికి ఒక కొడుకు. ప్రభుత్వ ఉద్యోగం, చిన్న సంసారం, ఎల్విస్ ప్రెస్లీ అంటే ప్రాణం. ఒకరోజు మధ్యాహ్నం భోజన విరామంలో మాథ్యూ స్ట్రీట్‌లో నడుస్తుంటే నేలమాళిగలోని కావర్న్ క్లబ్ నుంచి బీటిల్స్ సంగీతం వినబడి మెట్లు దిగాడు. ఇక రోజూ అదే దారి. ఎల్విస్ పాటలు వాయించమని అడిగే ఈ భారీ మనిషితో వాళ్లలో ముందుగా స్నేహం కలిపింది జార్జ్ హారిసన్. ఈ శరీరంతో నువ్వు ఇక్కడ ద్వారపాలకుడిగా ఉండొచ్చు కదా, పాటలు ఊరికే వినొచ్చు అని సలహా ఇచ్చిందీ అతనే. కుస్తీ తెలియని, గొడవలు గిట్టని మనిషి అలా క్లబ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

1963 జనవరిలో బీటిల్స్ వ్యాన్ నడిపే నీల్ ఆస్పినాల్ జ్వరంతో పడుకున్నాడు. లండన్ తీసుకెళ్లి తీసుకురావడానికి మాల్‌ను పిలిచారు. ఇంగ్లండ్ గడ్డకట్టుకుపోయిన చలికాలం అది. తిరుగు ప్రయాణంలో రాత్రిపూట వ్యాన్ ముందు అద్దం పగిలి దారి కనిపించకుండా పోయింది. మాల్ టోపీ తీసి చేతికి తొడుక్కుని, మిగిలిన అద్దాన్ని గుద్ది బయటికి నెట్టేసి, ముఖాన చలిగాలి కొడుతుంటే అలాగే లివర్‌పూల్ దాకా నడిపాడు. వెనక నలుగురు బీటిల్సూ విస్కీ సీసా దగ్గర పెట్టుకుని, వెచ్చదనం కోసం ఒకరి మీద ఒకరు పడుకున్నారు. ఇంకా ఎంత దూరం అంటే 200 మైళ్లు అన్న జవాబు వాళ్ల మధ్య ఎన్నో ఏళ్లు నడిచిన ఊతపదం అయిపోయింది. ఆ ఏడాది ఆగస్టులో మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ అతన్ని పూర్తికాలపు పనిలోకి తీసుకున్నాడు. మాల్ టెలిఫోన్ శాఖ ఉద్యోగం వదిలేశాడు.

తొలి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1963 క్రిస్మస్ కచేరీలు లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్‌లో జరుగుతుండగా లెనన్ గిబ్సన్ గిటార్ మాయమైంది. సామాన్ల బాధ్యత మాల్‌ది. లెనన్ నాలుక ఎంత పదునో తెలిసినవాళ్లకు ఆ తర్వాతి రోజులు మాల్‌కు ఎలా గడిచాయో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ గిటార్ అర్ధ శతాబ్దం తర్వాత అమెరికాలో బయటపడి, 2015 వేలంలో 24 లక్షల డాలర్లు పలికింది.

ప్రపంచంలో అంతటి బృందం ఊరేగుతుంటే దాని వెంట ఉన్న రోడ్ సిబ్బంది నీల్, మాల్ ఇద్దరే. ఇప్పటి కచేరీలకు లారీల కొద్దీ సామాను, పదుల కొద్దీ మనుషులు కావాలి. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేల మందికి పైగా ముందు బీటిల్స్ వాయించినప్పుడూ పెట్టెలు మోసి వేదిక సర్దిన చేతులు వీళ్లవే. అభిమానులకు పంచే ఫొటోల మీద నలుగురి సంతకాలూ వీళ్లిద్దరే గీకి పారేసిన రోజులున్నాయి. బీటిల్స్ సంతకం అని ఇవాళ భద్రంగా దాచుకున్నవాళ్లలో కొందరి దగ్గరున్నది నిజానికి మాల్ దస్తూరీ.

అదే ఆగస్టు 27న లాస్ ఏంజిలస్‌లో ఎల్విస్ ఇంటికి బీటిల్స్ వెళ్లారు. ఆ గదిలో అందరికంటే ఎక్కువ వణికింది మాలే. గిటార్లు చేతికొచ్చాయి, వాయించడానికి ఎల్విస్‌కు పిక్ కావాల్సి వచ్చింది. మాల్ దగ్గర ఎప్పుడూ ఉంటాయని పాల్ చూపించాడు. మాల్ జేబులో చెయ్యి పెట్టబోయాడు, పోలేదు. ఆ రోజు కోసమని సూటు డ్రైక్లీనింగ్‌కు ఇస్తే వాళ్లు జేబులన్నీ కుట్టేసి పంపారు! ఆరాధ్య దైవం చెయ్యి చాపితే ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. వంటింట్లోకి పరుగెత్తి ప్లాస్టిక్ చెంచాలు విరిచి పిక్‌లు తయారుచేసి తెచ్చాడట. ఈ ముచ్చట అతనే రాసుకున్నాడు.

1966 జులైలో మనీలా. ఫిలిప్పీన్స్ అధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ విందుకు బీటిల్స్ వెళ్లలేదన్న కోపంతో విమానాశ్రయంలో రక్షణ తీసేశారు, ఎస్కలేటర్లు ఆపేశారు, తోసి తన్నారు. దెబ్బలు మాల్‌కూ తగిలాయి. తీరా విమానం ఎక్కి కూర్చున్నాక కాగితాలు సరిగా లేవంటూ ప్రచార అధికారి టోనీ బారోనూ మాల్‌నూ కిందికి దింపారు. ఇక తిరిగి రానేమో అనుకుని సీట్ల మధ్య నడుస్తూ, లిలీని ప్రేమిస్తున్నానని చెప్పమని చెప్పి వెళ్లాడు. చివరికి వదిలిపెట్టారు. విమానం ఢిల్లీ చేరింది. మనీలా చేదు దిగకముందే అక్కడా జనం మూగారు. కన్నాట్ ప్లేస్‌లోని రిఖీరామ్ దుకాణంలో హారిసన్ సితార్ కొన్నది ఆ మజిలీలోనే.

ఏడాదిన్నర తర్వాత, 1968 ఫిబ్రవరిలో, మహర్షి మహేష్ యోగి ఆశ్రమానికి బీటిల్స్ రుషీకేశ్ వచ్చినప్పుడు మాల్ ఒక రోజు ముందే సామానుతో ఢిల్లీలో దిగాడు. కార్లు మాట్లాడిపెట్టి, విమానాశ్రయంలో ఎదురుచూసి, రుషీకేశ్ దాకా వెంట వెళ్లాడు. గంగ ఒడ్డున ఆ రోజులెలా గడిచాయో అభిమానుల మాసపత్రిక ‘ది బీటిల్స్ బుక్’కు వ్యాసాలు రాశాడు. అలా పత్రికలకు రాసినా రాయకపోయినా డైరీ మాత్రం అతనికి మొదటి నుంచీ అలవాటు.

పాటల విషయంలో ఆ డైరీ ఒక చిక్కు తెచ్చిపెట్టింది. 1966 చివర్లో పాల్ ఒంటరిగా ఫ్రాన్స్‌లో కారు వేసుకుని తిరిగి, బోర్డోలో మాల్‌ను కలుసుకున్నాడు. ఇద్దరూ స్పెయిన్ మీదుగా కెన్యా వెళ్లారు. తిరిగొచ్చే విమానంలో భోజనం పళ్లెంలోని ఉప్పు, మిరియాల పొట్లాల గురించి మాల్ అన్న మాట పాల్ చెవికి ‘సార్జంట్ పెప్పర్’ అని వినబడింది. ప్రపంచమంతా విన్న ఆల్బమ్‌కు అలా పేరు పుట్టిందని తర్వాత పాలే చెప్పాడు. ఆ ఆల్బమ్ తయారవుతున్నప్పుడు మాల్ పాల్ ఇంట్లోనే మకాం. సార్జంట్ పెప్పర్ పాట, ‘ఫిక్సింగ్ ఎ హోల్’ పాట పాల్‌తో కూర్చుని రాశానని 1967 తొలి నెలల డైరీలో ఉంది. నీకు రాయల్టీ వస్తుందని పాల్ చెప్పాడనీ, ఇక కొత్త ఇల్లు కొనుక్కోవచ్చేమోననీ సంబరంగా రాసుకున్నాడు. రికార్డు వచ్చింది. రచయితలుగా ఉన్నవి లెనన్, మెకార్ట్నీ పేర్లే.

ఎంత రాశాడు, ఒక మాట అందించాడా, ఒక చరణమా అన్నది ఆ గదిలో ఉన్న ఇద్దరికే తెలియాలి. ‘రబ్బర్ సోల్’ అట్ట మీద మాత్రం ఒక పాటలో ఆర్గాన్ మీద ఒకే స్వరం నొక్కిపట్టినందుకు అతని పేరు అచ్చయింది. ‘ఎల్లో సబ్‌మెరైన్’ కోసం పెద్ద డ్రమ్ము ఛాతీకి కట్టుకుని స్టూడియో అంతా ఊరేగాడు. ‘హెల్ప్!’ సినిమాలో మంచు పలక కిందనుంచి తల బయటపెట్టి దారి అడిగే ఈతగాడు అతనే. సరదాకు పేరు వేయడానికి బీటిల్స్ ఎప్పుడూ వెనకాడలేదు. డబ్బు ముడిపడిన చోటే మరిచిపోయారు. దాన్ని పిసినారితనం అనడం కంటే ఇంట్లోవాళ్ల శ్రమకు ధర కట్టకపోవడం అంటే సబబుగా ఉంటుంది. మాల్ కూడా ఆ ఇంటివాడినే అనుకున్నాడు.

1969 జనవరిని దగ్గరగా చూద్దాం. దర్శకుడు పీటర్ జాక్సన్ 2021లో విడుదల చేసిన ‘గెట్ బ్యాక్’ డాక్యుమెంటరీలో ఆ నెల మొత్తం కళ్లకు కడుతుంది. ‘మాక్స్‌వెల్స్ సిల్వర్ హామర్’ సాధన జరుగుతుంటే కమ్మరి దాగలి మీద సుత్తితో కొడుతూ, తాళం అందినప్పుడల్లా పసిపిల్లాడిలా వెలిగిపోతుంటాడు మాల్. పాల్ చెబుతుంటే పాట మాటలు రాసుకుంటాడు. ‘లెట్ ఇట్ బి’ తొలి రూపాల్లో పాల్ మేరీ పేరు బదులు మాల్కమ్ పేరు పెట్టి పాడిన సందర్భాలూ ఉన్నాయి. ఆ నెలలోనే, జనవరి 13న, అతను డైరీ తెరిచి వేరే మాటలు రాశాడు. బీటిల్స్ సంస్థ ఆపిల్‌లో తనను ఆఫీస్ బాయ్ స్థాయికి దించారనీ, ఇంట్లో మనిషిననుకుంటే తెచ్చిపెట్టేవాడిగానే మిగిలాననీ బాధపడ్డాడు. వారానికి చేతికొచ్చే 38 పౌండ్లతో ఇల్లు గడవడం లేదు. ఇన్నేళ్లకు తన పేరున మిగిలింది 70 పౌండ్లు. అయినా వాళ్ల మీద ప్రేమ కొద్దీ ఏ పనీ కష్టం అనిపించదని అదే పేజీలో రాసుకున్నాడు.

జనవరి 30న సావిల్ రోలోని ఆపిల్ భవనం పైకప్పు మీద బీటిల్స్ చివరిసారి జనానికి వినిపించేలా వాయించారు. ఫిర్యాదులు అందుకుని పోలీసులు వస్తే వాళ్లతో మాట్లాడుతూ కాలయాపన చేసింది మాల్. ఇక తప్పక గిటార్ల ఆంప్లిఫయర్లు ఆపేస్తే, హారిసన్ మళ్లీ ఆన్ చేసుకున్నాడు. ఏప్రిల్‌లో అదే హారిసన్‌తో మాల్ తన చేతిలో పైసా లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. జీతం పెంచమని మాత్రం అడగలేదు. పాపం వాళ్ల ఇబ్బందులు వాళ్లకున్నాయి కదా అని రాసుకున్నాడు! లిలీ అవస్థ పడుతోందని కూడా ఆ పక్కనే రాశాడు. ఆమె వైపు నుంచి చూస్తే ఈ విధేయత కథ అంత ముద్దుగా ఉండదు.

నీల్ ఆస్పినాల్ సంగతి వేరు. అకౌంటెన్సీ చదువుతూ వ్యాన్ ఎక్కినవాడు, కాగితాల విలువ తెలిసినవాడు. 1968 నుంచి 2007 దాకా ఆపిల్‌ను నడిపాడు. మాల్‌కూ చెవి ఉంది, అభిరుచి ఉంది. ఐవీస్ అనే కుర్రాళ్ల బృందాన్ని ఆపిల్‌కు పట్టుకొచ్చింది అతనే. వాళ్లు బ్యాడ్‌ఫింగర్‌గా పేరు మార్చుకున్నాక, 1970లో అతను నిర్మించిన ‘నో మ్యాటర్ వాట్’ ఇంగ్లండ్, అమెరికా రెండు చోట్లా తొలి పది పాటల్లో నిలిచింది. కానీ అప్పటికి బీటిల్సే లేరు.

1970ల్లో కుటుంబాన్ని వదిలి లాస్ ఏంజిలస్ చేరాడు. హారిసన్‌తో కలిసి రాసిన పాట 1973లో ‘రింగో’ ఆల్బమ్‌లో వచ్చింది, ఈసారి పేరుతో సహా. ఆత్మకథ కూడా మొదలుపెట్టాడు. ‘లివింగ్ ది బీటిల్స్ లెజెండ్’ అన్న పేరుకు ఉపశీర్షికగా ఆ 200 మైళ్ల మాటే తగిలించాడు. ప్రతిని ప్రచురణకర్తకు ఇవ్వాల్సిన గడువు 1976 జనవరి 12. ఆ నెల మొదటి వారంలోనే, తీవ్రమైన కుంగుబాటులో, మత్తుమాత్రల ప్రభావంలో ఉన్న మాల్ అపార్ట్‌మెంట్ గదిలో రైఫిల్ పట్టుకున్నాడు. అక్కడ అతనితో ఉంటున్నవాళ్లు భయపడి పోలీసులను పిలిచారు. కింద పెట్టమన్నా పెట్టలేదని వాళ్లు కాల్చారు. వయసు 40. అంత్యక్రియల ఏర్పాట్లు గాయకుడు హ్యారీ నిల్సన్ చూశాడు. ఇంగ్లండ్‌కు పంపిన చితాభస్మం కొంతకాలం తపాలాలో తప్పిపోయింది. అతనికి పింఛను లేదు, బీమా లేదు. హారిసన్ కుటుంబానికి 5 వేల పౌండ్లు అందేలా చూశాడు.

రాతప్రతి, డైరీలు, ఫొటోలు ఉన్న పెట్టె 1988లో న్యూయార్క్ ప్రచురణ సంస్థ నేలమాళిగలో దొరికి, లెనన్ భార్య యోకో ఓనో చొరవతో లిలీకి చేరింది. వాటి ఆధారంగా కెనెత్ వోమాక్ రాసిన జీవితచరిత్ర 2023లో, మాల్ పెట్టుకున్న పేరుతోనే వచ్చింది. మాల్ దాచిన పాటల కాగితాల్లో ‘ఎ డే ఇన్ ది లైఫ్’కు లెనన్ చేత్తో రాసిన ప్రతిని కుటుంబం 1992లో సోత్‌బీస్ వేలంలో అమ్ముకుంది. ఇంకో పాట ప్రతి అమ్మబోతే మెకార్ట్నీ కోర్టుకు వెళ్లి ఆపించాడు. ఆ కాగితాలు మాల్ ఉద్యోగంలో భాగంగా పోగుచేసినవి కాబట్టి అవి బీటిల్స్‌వే అన్నది అతని వాదన. మొదటి కాగితం 2010లో న్యూయార్క్‌లో మళ్లీ వేలానికి వచ్చి 12 లక్షల డాలర్లకు పోయింది. అప్పటికి దాని మీద ఎవాన్స్ కుటుంబానికి ఏ హక్కూ లేదు.