మన వీథి మందుల షాపు – కొంత చరిత్ర

ఉగాదినాడు వేపపువ్వు నోట వేసికొనుచు, "ఇది పచ్చడి కాదురా, ఏడాదికి సరిపడు మందు" అని మా తాతగారు అనెడివారు. ఆ మందు ఏడాదికి ఒకనాడే. తక్కిన దినములలో జలుబు చేసినను, కడుపు నొచ్చినను, బొంబాయిలోని మన తెలుగువారికి మొదటి దిక్కు వీథి చివరి మందుల షాపే. ఒకపూట పనికి నాగా పెట్టిన ఆ పూట కూలి పోవు కుటుంబములు మనలో చాల కలవు. డాక్టరుగారి వద్ద గంటల తరబడి కూర్చుండుటకు వారికి తీరిక యెక్కడిది?

ఈ ఊరికిని, మందులకును, తెలుగువారికిని పాత చుట్టరికమే కలదు. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కలకత్తాలో మందుల వ్యాపారము నేర్చి, బొంబాయి చేరి, 1893లో ఇచ్చటనే అమృతాంజనము ప్రారంభించిరి. మొదట దానిని సంగీత సభలలో ఉచితముగా పంచిపెట్టిరి. ఆ తలనొప్పి మందు తెచ్చిన డబ్బుతోనే 1908లో ఈ ఊరినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడినది. 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయినది. ఉగాది సంచికలకు తెలుగునాట పేరు తెచ్చిన పత్రిక అది. మనము వేయుచున్న ఈ చిన్న సంచికకును ఆ అమృతాంజనపు సీసాయే మూలమన్న తప్పులేదు.

ఆ కాలమున మందుల అమ్మకమునకు దేశమంతటికిని వర్తించు చట్టము లేదు. కల్తీ మందుల బెడద ఎక్కువయినందున 1930లో రామనాథ చోప్రాగారి అధ్యక్షతన విచారణ సంఘమును నియమించిరి. తరువాత 1940లో మందుల చట్టము, 1945లో నిబంధనలు, 1948లో ఫార్మసీ చట్టము వచ్చినవి. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరాని మందులకు జాబితాలు ఏర్పడినవి. 2014 మార్చి 1 నుండి హెచ్ 1 జాబితాలోని కొన్ని యాంటీబయాటిక్కులకు, క్షయ మందులకు వేరుగా రిజిస్టరు పెట్టి, డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణము వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. రిజిస్టర్లతోనే బ్రదుకు గడుపు మావంటి గుమాస్తాలకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను మేము చాలకాలము షాపువారితో తగవులాడినవారమే. "మొన్నటి మాత్రలే గదా, చీటీ ఎందుకు?" అనెడివారము. రెండేండ్ల క్రిందట ఒక రాత్రి భోజనమైన పిదప మా తండ్రిగారు గుండెలో మంటగా నున్నదనిరి. గ్యాసని తలచి షాపునకు పరుగెత్తితిమి. ఆ మరాఠీ పెద్దమనిషి మాత్ర తీయక, "చెమటలు పట్టినవా? ఎడమచేయి లాగుచున్నదా?" అని అడిగెను. ఔనంటిమి. "దీనికి నా షాపులో మందు లేదు, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు" అని తానే టాక్సీ పిలిచెను. అది గుండెపోటు. ఆనాడు ఆయన తన బేరమే చూచుకొనియుండిన, ఈ ఉగాదికి మా యింట పచ్చడి పంచుటకు తండ్రిగారు ఉండెడివారు కారు.

కావున సోదర సోదరీమణులకు మేము మనవి చేయున దేమనగా: జలుబు, ఒళ్లునొప్పులు, అజీర్ణము, చిన్న దెబ్బలు – వీనికి ఫార్మసిస్టు సలహా మంచిదే. విరేచనములకు ఆయన ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లము చులకనైనది కాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితోనే ఎందరి ప్రాణములనో నిలిపిరి. అయితే మనము వాడుచున్న మందులన్నియు ఆయనకు దాచక చెప్పవలెను. ఇంటిలో గర్భిణి కొరకైనను, పసిబిడ్డ కొరకైనను ఆ సంగతి ముందే చెప్పవలెను. జ్వరము తగ్గకున్న డాక్టరు వద్దకు పోవలెను.

మందు ఇచ్చువాడే గాక, ఇవ్వననువాడును మన హితుడే. చేదని వేపపువ్వు ఉమ్మివేయము గదా! సభ్యులందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.