పేరు లేని సిపాయి, పేరున్న మందు

పోస్టు కొంచెం పొడుగుంటది, తీరిక చూసుకొని చదవండి. మన గ్రూపులో ఎప్పుడూ తండాల చరిత్ర, పోరాటాల చరిత్ర రాసుకుంటం. ఈసారి మేం ఒక మందు చరిత్ర రాస్తున్నం.

ఎందుకంటే, మా తండాలో ఒక అక్కకు రెండేండ్లు నెత్తురు విరేచనాలు అయినయి. మొలలన్నరు, వేడి చేసిందన్నరు, ఎవరో ఏదో పెట్టిండ్రని కూడా అన్నరు. సిగ్గుతోని అక్క సగం సంగతి దాచింది. మనిషి పుల్లలెక్క అయినంక హైదరాబాద్ తీసుకపోతే, గొట్టం వేసి చూసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నరు. అంటే మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే తిరగబడి పెద్దపేగు లోపలి పొరను వాపు చేసి పుండ్లు పెడుతది. దీని చుట్టమే క్రోన్స్ జబ్బు. రెండూ కలిపి ఐబీడీ అంటరు. మెసలమిన్ మాత్రలు రాసిచ్చిండ్రు, విడవకుండ వేసుకోవాలన్నరు.

ఇది పట్నపోళ్ల జబ్బు కదా, తండాకు ఎట్లొచ్చింది అని మేం అనుకున్నం. కానీ హైదరాబాద్ ఏఐజీ డాక్టర్లు తెలంగాణ పల్లెల్లోకి పోయి పరీక్షలు చేసి, 2023లో అచ్చేసిన పరిశోధనలో, కడుపు బాధతో వచ్చినవాళ్లలో ఈ జబ్బు పట్నంలో ఎంత కనబడుతుందో పల్లెలో కూడా దాదాపు అంతే కనబడుతుందని చెప్పిండ్రు.

మా రూమ్‌లో ఉన్నోళ్లమంతా మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లమే. ఒకరిది మైక్రోబయాలజీ. అక్క జబ్బుకు బ్యాక్టీరియానే మందుగా ఇచ్చే ప్రయత్నాలున్నయని ఆ పుస్తకాలల్లనే దొరికింది. అక్కడి నుంచి వెనక్కి తవ్వుకుంట పోతే 1917 దాకా పోయినం.

అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం. బాల్కన్ ప్రాంతంలో జర్మన్ సైనికులు రక్త విరేచనాలతో పడిపోతున్నరు. ఒక్క సిపాయికి మాత్రం ఏమీ కాలేదు. ఫ్రైబర్గ్‌లో పనిచేసే ఆల్ఫ్రెడ్ నిస్లే అనే డాక్టర్ ఆ సిపాయి మలం తీసుకొని, అందులోంచి ఒక రకం ఈ-కోలై బ్యాక్టీరియాను వేరు చేసిండు. ఈ-కోలై అనంగనే మనకు కలుషిత నీళ్లు గుర్తొస్తయి. అందులో చెడ్డవీ ఉన్నయి, మేలు చేసేవీ ఉన్నయి. ఇది రోగకారక క్రిములను అడ్డుకునే రకం. దాన్ని గొట్టపు మాత్రలల్ల నింపి మ్యూటాఫ్లోర్ అనే పేరుతో అమ్మకానికి తెచ్చిండ్రు. ఆ బ్యాక్టీరియాకు ఇయ్యాల్టికీ 'ఈ-కోలై నిస్లే 1917' అనే పేరు. డాక్టర్ పేరుంది, సంవత్సరం ఉంది. ఎవని పేగులోంచి తీసిండ్రో ఆ సిపాయి పేరు మాత్రం లేదు.

ఎనభై ఏండ్ల తర్వాత దీన్ని గట్టిగా పరీక్షించిండ్రు. 1999లో లాన్సెట్ పత్రికలో 116 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగుల మీద చేసిన పరీక్ష వచ్చింది. 2004లో 327 మంది మీద ఇంకొకటి. సగం మందికి ఈ బ్యాక్టీరియా, సగం మందికి మెసలమిన్, అంటే మా అక్క వాడే మందే. 2004 పరీక్షలో ఏడాదిలో జబ్బు తిరగబెట్టినోళ్లు బ్యాక్టీరియా వాడినోళ్లలో 36.4 శాతం, మెసలమిన్ వాడినోళ్లలో 33.9 శాతం. అంటే తగ్గిన జబ్బును తిరిగి రాకుండ ఆపడంలో రెండూ దాదాపు సమానం. ఇదేం అద్భుతం కాదు, కానీ చిన్న సంగతి కూడా కాదు.

ఒక్క బ్యాక్టీరియా సరిపోదు, ఆరోగ్యవంతుని పేగులో ఉన్న గుంపు మొత్తాన్ని రోగికి ఇద్దాం అని ఇంకో దారి పట్టిండ్రు. మల మార్పిడి అంటరు. చదువుతుంటే మా రూమ్‌లో ఒకరు తినే పళ్లెం పక్కకు పెట్టేసిండు! 1989లో బెనెట్ అనే అమెరికా డాక్టర్ తనకే ఉన్న కొలైటిస్‌కు ఇట్ల చేసుకొని నయమైందని రాసిండు. ఒక్కని అనుభవం రుజువు కాదు గనుక అసలు పరీక్షలు తర్వాత వచ్చినయి. 2017లో ఆస్ట్రేలియాలో 81 మంది మీద చేస్తే, మల మార్పిడి చేసిన 41 మందిలో 11 మందికి, ఉత్తుత్తి మందు ఇచ్చిన 40 మందిలో 3 గురికి జబ్బు అణిగింది. మన దేశంలో లూథియానా దయానంద్ మెడికల్ కాలేజీలో అజిత్ సూద్ బృందం ఈ పని చేస్తున్నది.

ఒక మాట గట్టిగా చెప్తున్నం. ఇది ఇంట్ల చేసుకునేది కాదు. 2019లో అమెరికాలో ఒకే దాత మలం నుంచి ఇద్దరికి, మందులకు లొంగని ఈ-కోలై అంటుకుంది, ఒకరు చనిపోయిండ్రు. ఆ ఇద్దరిదీ రోగనిరోధక శక్తి తగ్గిన ఒళ్లు. తర్వాత 2022లో, 2023లో అక్కడ మలం నుంచి తయారైన రెండు మందులకు అనుమతి వచ్చింది గానీ, అవి క్లాస్ట్రిడియం అనే వేరే క్రిమి పదే పదే రాకుండ ఆపడానికి. ఐబీడీకి కాదు.

పెరుగు, మజ్జిగల్లో ఉండే లాక్టోకాకస్ అనే బ్యాక్టీరియాను మార్చి, పేగులోనే వాపు తగ్గించే పదార్థం తయారు చేయించిండ్రు కూడా. 2000లో ఎలుకల మీద పనిచేసింది, 2006లో పది మంది క్రోన్స్ రోగులకు ఇచ్చి చూసిండ్రు, ఆ తర్వాతి పరీక్షలో నిలబడలేదు.

ఇక మన సంగతి. 2015లో గువాహటి శాస్త్రవేత్తల బృందం సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఒక వ్యాసం వేసింది. అస్సాం, మణిపూర్, సిక్కిం, తెలంగాణ, ఈ నాలుగు చోట్ల 15 గిరిజన తెగల మనుషుల మలం నమూనాలు తీసుకొని పేగు బ్యాక్టీరియాను లెక్కగట్టిండ్రు. ప్రెవొటెల్లా అనే రకం ఎక్కువుందని తేలింది. గింజలు, ఆకుకూరలు, పీచు ఎక్కువ తినేవాళ్లల్ల సాధారణంగా ఇది ఎక్కువుంటది. మన జొన్న రొట్టె, మక్క గటక గుర్తొచ్చినయి మాకు. హాస్టల్ అన్నం తిన్న మూడేండ్లకు మా పేగులల్ల అది ఎంత మిగిలిందో!

పరిశోధన తప్పని మేం అనడం లేదు. అట్లాంటివి జరగకపోతే మా అక్కకు రేపు కొత్త మందు రాదు. కానీ ఆ సిపాయి కథ చదివినంక నిద్ర పట్టలేదు. రేపు ఏ తండా మనిషి పేగులోంచో మందు పుడితే, దాని పేరులో ఎవరుంటరు? అది మా అక్క కొనగలిగే ధరకు దొరుకుతదా?

అందుకే అడుగుతున్నం. మీ తండాకు, మీ గూడేనికి ఎవరైనా వచ్చి నెత్తురో, మలమో నమూనాలు తీసుకున్నరా? సంతకం పెట్టించిన కాగితం ఏ భాషలో ఉండె? చదివి వినిపించిండ్రా? ఫలితం ఏమైందో మళ్లొచ్చి చెప్పిండ్రా? ఇంట్ల పెద్దోళ్లను అడిగి మాకు రాయండి.