గతాన్ని గురించిన ఊహ (ఆంగ్ల వ్యాకరణం)

జరిగిపోయిన సంఘటనను స్వయంగా చూడకపోయినా, దొరికిన ఆధారాలను బట్టి ఊహించి చెప్పుటకు ఆంగ్లంలో మస్ట్, మే, మైట్, కుడ్, కాంట్ అను సహాయక క్రియలను వాడుతారు. వీటి తరువాత 'హావ్', ఆ తరువాత ప్రధాన క్రియ యొక్క మూడవ రూపం (వి-3) వస్తాయి. ఇక్కడ సహాయక క్రియ తెలిపేది వక్తకు గల నమ్మకపు స్థాయిని.

తెలుగులో ఇదే పనిని 'ఉండు' ధాతువు చేస్తుంది: వచ్చి ఉండాలి, వచ్చి ఉంటాడు, వచ్చి ఉండవచ్చు, వచ్చి ఉండకపోవచ్చు. మే, మైట్, కుడ్ మూడింటికీ సాధారణంగా 'ఉండవచ్చు' ఒక్కటే సరిపోతుంది. మైట్‌లో నమ్మకం కొంత తక్కువ అని కొందరు వ్యాకర్తలు చెప్పినా, వాడుకలో ఆ తేడా పలుచనిదే.

ఉదాహరణలు

1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. ఇది నమోదైన విషయం కనుక దీనికి సామాన్య భూతకాలం చాలును. అంతకు ముందే భద్రాచలం వెళ్ళే యాత్రికులు పొయ్యికి పెట్టిన రాళ్ళు మండాయని ఒక కథ ప్రచారంలో ఉంది. దీనిని చెప్పునప్పుడు 'మే హావ్' వాడుట ఉచితం.

భూగర్భ గనిలోకి దిగే కార్మికుడు ల్యాంపు రూములో క్యాప్ ల్యాంపు తీసుకొని, షిఫ్టు ముగిశాక తిరిగి అప్పగిస్తాడు. షిఫ్టు ముగిసి చాలాసేపైనా ఒకరి దీపం రాలేదనుకుందాం. 'హి మస్ట్ హావ్ స్టేయ్డ్ బిలో' అనగా 'లోపలే ఉండిపోయి ఉండాలి'. దీపాన్ని అతడే స్వయంగా అప్పగించినట్లు తెలిస్తే 'హి కాంట్ హావ్ స్టేయ్డ్ బిలో', అనగా లోపల ఉండిపోయే అవకాశమే లేదు. విద్యార్థులు ఇక్కడ 'మే నాట్ హావ్' రాస్తుంటారు. దాని అర్థం 'ఉండిపోయి ఉండకపోవచ్చు' అని మాత్రమే. వెతకాలా వద్దా అనే నిర్ణయం ఈ తేడాపై ఆధారపడుతుంది.

'ఉండాలి' వల్ల కలిగే సందిగ్ధత

'మైనింగ్ సర్దారు ఆ చోటును చూసి ఉండాలి' అను వాక్యానికి తెలుగులో రెండు అర్థాలున్నాయి. చూసే ఉంటాడని ఊహ ఒకటి (మస్ట్ హావ్ సీన్), చూడవలసిన బాధ్యత అతనిదని నింద మరొకటి (షుడ్ హావ్ సీన్). నిందకు 'చూసి ఉండాల్సింది' అనే స్పష్టమైన రూపం ఉన్నప్పటికీ, మాటల్లో 'ఉండాలి'యే రెండింటికీ దొర్లుతుంది. ఆంగ్లంలోనూ చిక్కు లేకపోలేదు. 'హి షుడ్ హావ్ కమ్ అప్ బై నౌ' అంటే 'ఈపాటికి పైకి వచ్చి ఉండాలి' అనే అంచనా కూడా కావచ్చును.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించారు. ఇటువంటి ప్రమాదాలపై అప్పట్లో 1952 నాటి గనుల చట్టం 24వ సెక్షన్ క్రింద కేంద్ర ప్రభుత్వం విచారణ న్యాయస్థానాన్ని నియమించే వీలుండేది. కార్మికుడు తెలుగులో చెప్పిన సాక్ష్యాన్ని ఆంగ్లంలో రాయవలసి వస్తే, పై సర్దారు వాక్యాన్ని 'మస్ట్ హావ్' అని రాస్తే తనిఖీ జరిగిందనీ, 'షుడ్ హావ్' అని రాస్తే జరగలేదనీ స్ఫురిస్తుంది. అనువాదకుడు తనంతట తాను ఎంచుకోక, 'చూశాడని అనుకుంటున్నారా, చూడవలసింది అంటున్నారా' అని సాక్షినే అడుగుట మేలు.