చెట్ల చట్టరక్షణ: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో చెట్టుకు ఏ చట్టం కాపలా అన్నది అది నిలిచిన నేలను బట్టి ఉంటుంది. పొలం గట్టు మీది చింతకు వాల్టా, రిజర్వు అడవిలోని టేకుకు 1967 నాటి అటవీ చట్టం, గూడెం వాళ్లు ఏరుకునే ఇప్పపువ్వుకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం.

నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చింది. తెలంగాణలోనూ అదే నడుస్తోంది. సొంత పట్టా భూమిలోదైనా అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు, కొడితే బదులు మొక్కలు నాటాలి. సారపాక పేపరు మిల్లుకు తోలే జామాయిల్, సుబాబుల్ కర్రకు రవాణాలో సడలింపు ఉంది. టేకుకు లేదు. రైతు తన చేలో పెంచిందైనా నరకడానికి అనుమతి, తరలించడానికి పర్మిట్ కావాలి.

ఇప్పచెట్టు సంగతి వేరు. పోడు కొట్టేటప్పుడు కూడా కోయలు దాన్ని చేను నడుమ వదిలేస్తారు. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. ఆడవాళ్లు బుట్టలతో వెళ్లి ఏరుకొచ్చి వాకిట్లో ఎండబెడతారు. తర్వాత కాయ వస్తుంది, గింజ నుంచి నూనె తీస్తారు. ఏటా తిండీ డబ్బూ ఇచ్చే చెట్టు మీదికి గొడ్డలి వెళ్లదు. చట్టం పుట్టకముందే ఇక్కడ ఉన్న రక్షణ ఇది. ఇలాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కును 2006 చట్టం కాగితం మీద పెట్టింది. పువ్వు ఏరడం తేలికవుతుందని చెట్టు కింద ఎండుటాకులు తగలబెట్టే అలవాటు మాత్రం మానాలి. ఆ మంట అడవికి పాకితే లేత మొక్కలు మిగలవు.

అసలు చిక్కు పోడు దగ్గర వస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉంటేనే గిరిజనులకు 2006 చట్టం కింద పట్టా దక్కుతుంది. 2023 జూన్‌లో మొదలైన పోడు పట్టాల పంపిణీలో అన్ని జిల్లాలకన్నా ఎక్కువ భూమి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోదే. అంతకు ఏడు నెలల ముందు, 2022 నవంబరు 22న, చండ్రుగొండ రేంజి అధికారి చలమల శ్రీనివాసరావు ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్‌లో పశువులను మేపకుండా ఆపబోయి హత్యకు గురయ్యారు. మొక్కకూ మనిషి బతుకుకూ మధ్య తగవును అటవీ సిబ్బంది మీదే వదిలేస్తే ఏం జరుగుతుందో ఈ జిల్లా కళ్లారా చూసింది.

ఊళ్ల సంగతికి వస్తే, 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచి మీద, కార్యదర్శి మీద పెట్టింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, ఏ చట్టమూ అడగకుండానే, ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య సైకిల్ మీద విత్తనాలు వేసుకుని తిరిగారు. ‘వనజీవి’గా పేరుపడ్డ ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు.

మళ్లీ అడవి దగ్గరకు వస్తే, బడికో రోడ్డుకో హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వాలన్నా హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదని, గ్రామసభ సిఫారసు ఉండాలని హక్కుల చట్టం 3వ సెక్షన్ చెబుతుంది. అడవిని కాపాడే అధికారాన్ని 5వ సెక్షన్ గ్రామసభకూ ఇచ్చింది. పట్టా కోసం ఈ చట్టాన్ని చదివిన ప్రతి ఊరూ ఆ సెక్షన్‌ను కూడా చదివి, గ్రామసభలో తీర్మానం రాసుకోవాలి.