మమ్మల్ని అడిగిందెవరు?

మా పిల్లల్ని లెక్కపెట్టడం ఈ దేశంలో అందరికీ అలవాటే. ఆ పిల్లల తల్లికి ఆస్పత్రిలో ఏం దొరికిందో, ఏం దొరకలేదో మాత్రం ఎవరికీ పట్టదు. ఎక్కువమందిని కంటామన్న నింద మామీద వేసేవాళ్ళు ముందు ఈ చరిత్ర చదవాలి.

గర్భనిరోధం ఇస్లాంకి గిట్టదంటారు. 'అజ్ల్' గురించి, అంటే వీర్యం లోపల పడకుండా జాగ్రత్తపడటం గురించి, మా ధర్మశాస్త్ర పండితులు వందల ఏళ్ళు చర్చించారు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటే ఇమామ్ గజాలీ దాన్ని అనుమతించాడు. భార్య ఒప్పుకుంటేనే చెయ్యాలని చాలామంది పండితులు షరతు పెట్టారు. ఈ సంగతి మా ఆడవాళ్ళకి చెప్పిన ముల్లాలు ఎందరు?

1952లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఎమర్జెన్సీలో అది పోలీసుల పనైపోయింది. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్ళ కూల్చివేతనీ, నస్‌బందీనీ ఎదిరించిన జనంమీద కాల్పులు జరిగాయి. ఆ నవంబరులో హర్యానాలోని ఉటావర్ గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి, మేవ్ ముస్లిం మగవాళ్ళని పట్టుకుపోయి ఆపరేషన్లు చేయించారు. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. కత్తికి బలైంది మేం ఒక్కళ్ళమే కాదు. దళితులూ, పేదలూ అందరూ బలయ్యారు.

1977 తర్వాత కార్యక్రమం పేరు 'కుటుంబ సంక్షేమం' అయింది. మగవాళ్ళని వదిలి ఆడవాళ్ళ కడుపుమీదికి వచ్చింది. 1985లో మన పటాన్‌చెరులో, అది ప్రయోగమని సరిగ్గా చెప్పకుండానే పేద స్త్రీలను నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగంలో చేర్చడాన్ని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. మరుసటేడు ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెళ్ళింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మాత్రలు, కాపర్-టి, నిరోధ్ వాడేవాళ్ళు వేళ్ళమీద లెక్క. దేశం మొత్తంమీద చూస్తే, హిందూ స్త్రీలతో పోల్చినప్పుడు ముస్లిం స్త్రీలు ఆపరేషన్ తక్కువగా, తాత్కాలిక పద్ధతులు ఎక్కువగా ఎంచుకుంటున్నారు. సర్కారు దవాఖానాలో ముందుకు తోసేది ఆపరేషన్. మావాళ్ళు అడిగేది బిడ్డకీ బిడ్డకీ మధ్య ఎడం. డబ్బున్నామె ప్రైవేటు డాక్టరు దగ్గర కొనుక్కుంటుంది. బీడీలు చుట్టుకు బతికే ఆమె ఎక్కడికి పోవాలి? ఆపరేషన్ వద్దన్నందుకు ఆమెకి 'ఛాందసురాలు' అన్న పేరొకటి.

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా దేశంలో ముస్లిం స్త్రీల సగటు సంతానం 1992-93లో 4.4 నుంచి 2019-21కి 2.4కి తగ్గింది. కేరళ ముస్లిం స్త్రీ కంటే బీహార్ హిందూ స్త్రీకే సగటున పిల్లలెక్కువ. తేడా మతంలో లేదు. చదువులో ఉంది, దవాఖానాలో ఉంది.

మేం అడిగేది దయ కాదు. అన్ని పద్ధతులూ మా బస్తీ దవాఖానాలో ఉండాలి. వాటి మంచీచెడూ మాకు తెలిసే భాషలో చెప్పాలి. ఏది కావాలో, అసలు కావాలో వద్దో తేల్చుకునేది ఆ స్త్రీయే. మౌల్వీ కాదు, మొగుడు కాదు, సర్కారూ కాదు.