మధుపర్కాల నుంచి పేస్టల్స్ దాకా

హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి పెళ్లిళ్లలో ఇప్పుడు రంగులు ముందే ఖరారవుతాయి. హల్దీకి పసుపు, మెహందీకి ఆకుపచ్చ, రిసెప్షన్‌కి పేస్టల్స్ అంటూ వాట్సాప్‌లో చుట్టాలకు సూచనలు వెళ్తాయి. మామయ్యలు విసుక్కుంటూనే పాటిస్తారు.

తెలుగు పెళ్లికి రంగుల నియమం కొత్తేమీ కాదు. తెల్లటి నేత మీద ఎర్రంచు, పసుపు పూత: మధుపర్కాల లెక్క అది. పసుపు పెరటిలోనే దొరికేది. మంచి ఎరుపుకు మాత్రం చిరివేరు అనే మొక్క వేళ్లు తవ్వాలి, పటికతో రంగు నిలపాలి. మచిలీపట్నం అద్దకాలకు పేరు తెచ్చిన ఎరుపు అదే. 17వ శతాబ్దంలో డచ్చివారు, ఇంగ్లీషువారు ఆ బట్టల కోసమే తీరానికి వచ్చారు.

1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబే, లీబర్‌మాన్ ఇలాంటి వేళ్లలో ఉండే ఎర్ర రంగు పదార్థం అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. చౌకైన ఫ్యాక్టరీ ఎరుపు ముందు చిరివేరు నిలవలేకపోయింది. ఫ్యాక్టరీ రంగులు పెరిగేకొద్దీ క్రమంగా ఏ రంగైనా ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది.

1998లో మాదాపూర్‌లో ఐటీ భవనం సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ ప్రాంతానికి జీతాలు, విదేశీ ప్రయాణాలు, వాటితో కొత్త అభిరుచులూ వచ్చాయి. 2017లో ఇటలీలో బాలీవుడ్ నటి అనుష్క శర్మ లేత గులాబీ లెహంగాలో పెళ్లి చేసుకున్నాక లేత రంగుల మోజు దేశమంతా ఇంకా పెరిగింది. అయినా పెళ్లి తంతులో చాలామంది తెలుగు వధువులు ఎర్రంచు తెల్లచీరలోకే మారతారు.

సైబర్ టవర్స్‌కు దగ్గర్లోనే శిల్పారామం ఉంది. రంగులు ఖాయం చేసేముందు అక్కడి చేనేత దుకాణాలూ ఒకసారి చూడండి.