తుపాను నుంచి సాక్ష్యం వరకు: జాన్ న్యూటన్ జీవితంలో ఆత్మీయ అంధత్వం, విశ్వాస క్రమవికాసం

వ్యాససంగ్రహం

ఆంగ్ల సంఘకాపరి, కీర్తనకర్త జాన్ న్యూటన్ (1725–1807) మారుమనస్సును భక్తి సాహిత్యం సాధారణంగా ఒక్క తుపాను ఘట్టానికి కుదించి చెబుతుంది. తుపాను వచ్చింది, దేవుణ్ణి వేడుకున్నాడు, బానిస వ్యాపారం మానాడు, 'ఎమేజింగ్ గ్రేస్' రాశాడు అన్నది ఆ కథనపు క్రమం. ఆయన ఓడ దినచర్యను, ఆత్మకథను, ఆధ్యాత్మిక లేఖలను, బానిస వ్యాపారంపై వెలువరించిన కరపత్రాన్ని కాలక్రమంలో చదివితే ఈ క్రమం నిలవదు. తుపానుకు, ఆ వ్యాపారాన్ని ఆయన బహిరంగంగా ఖండించడానికి మధ్య 40 ఏళ్లు గడిచాయి. ఈ కాలంలో ఆయన విశ్వాసం పెరగడంతోపాటు 'అంధత్వం' అనే మాటకు ఆయన ఇచ్చుకున్న అర్థం కూడా మారిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జాన్ న్యూటన్, మారుమనస్సు, ఆత్మీయ అంధత్వం, బానిస వ్యాపారం, ఆత్మకథ, సువార్తోద్యమం.

1. ఉపోద్ఘాతం

చూపు రావడాన్ని విశ్వాసానికి సంకేతంగా వాడుకోవడం క్రైస్తవ సాహిత్యంలో తొలినుంచీ ఉన్నదే. అయితే దానికి మూలమైన సువార్త కథలు చూపు ఒక్కసారిగా పూర్తి అవుతుందని చెప్పవు. మార్కు సువార్త 8వ అధ్యాయంలో బేత్సయిదా గ్రుడ్డివానికి మొదటి స్పర్శతో మనుషులు నడిచే చెట్లవలె కనిపిస్తారు. రెండో స్పర్శ తరువాతే స్పష్టమైన చూపు వస్తుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలోని పుట్టుగ్రుడ్డివానికి కళ్లు తెరుచుకున్నా, తనను బాగుచేసినవాడెవరో తెలియడానికి సమయం పడుతుంది. మొదట ఆయనను ఒక మనుష్యుడంటాడు, తరువాత ప్రవక్త అంటాడు, చివరకు నమ్మి మ్రొక్కుతాడు.

న్యూటన్ తన ప్రసిద్ధ కీర్తనలో చూపును గురించిన మాటను ఈ రెండో కథ నుంచే తీసుకున్నాడు. అందువల్ల ఆయన జీవితాన్ని కూడా ఆ కథల తీరులోనే, దశలు దశలుగా, పరిశీలించడం సమంజసం.

2. తుపాను, దాని తరువాత

న్యూటన్ లండన్‌లోని వాపింగ్‌లో జన్మించాడు. భక్తురాలైన తల్లి చిన్ననాటనే వేదపాఠాలు, ఐజక్ వాట్స్ కీర్తనలు నేర్పింది. ఆయనకు ఏడేళ్లు నిండకముందే ఆమె క్షయతో మరణించింది. 11వ ఏట తండ్రితో సముద్రయానం మొదలుపెట్టాడు. తరువాత బలవంతంగా నౌకాదళంలోకి తీసుకుపోబడ్డాడు. అక్కడినుంచి పారిపోయి పట్టుబడి కొరడాదెబ్బలు తిన్నాడు. ఆపై ఒక బానిస ఓడకు మారి, పశ్చిమాఫ్రికా తీరంలో ఒక బానిస వర్తకుని కొలువులో ఆకలితో, జబ్బుతో దాదాపు బానిస బతుకే బతికాడు. ఈ కాలమంతటా దైవదూషణకు పేరుమోసిన నాస్తికుడతను.

'గ్రేహౌండ్' అనే ఓడపై స్వదేశానికి తిరిగివస్తుండగా 1748 మార్చిలో అట్లాంటిక్ మహాసముద్రంలో తుపాను ఓడను దాదాపు ముంచివేసింది. ప్రాణభయంలో నోటివెంట వచ్చిన ప్రార్థనను ఆయన తన జీవితపు మలుపుగా భావించాడు. కొత్త పంచాంగం ప్రకారం ఆ దినమైన మార్చి 21ని జీవితాంతం స్మరించుకున్నాడు.

ప్రచారంలో ఉన్న కథ ఇక్కడ ఆగిపోతుంది. న్యూటన్ కథ ఆగలేదు. 1764లో వెలువడిన తన ఆత్మకథాత్మక లేఖల్లో ఆయనే రెండు ముఖ్యమైన సంగతులు చెప్పాడు. ఆ తుపాను నాటికి తాను పూర్తి అర్థంలో విశ్వాసిని కానని, ఆ స్థితి చాలాకాలం తరువాతే వచ్చిందని మొదటిది. తరువాతి ప్రయాణంలోనే తాను పాత అలవాట్లలోకి జారిపోయి, తీవ్రమైన జ్వరంలో మళ్లీ దేవుని వైపు తిరిగానన్నది రెండోది. మారుమనస్సును ఒక్క తేదీకి కట్టిపడేసే కథనాన్ని మొదట సడలించినవాడు ఆ కథానాయకుడే.

3. ఓడ దినచర్యలోని విశ్వాసి

1750–1754 మధ్య న్యూటన్ మూడు ప్రయాణాల్లో బానిస ఓడలకు కెప్టెనుగా ఉన్నాడు. మొదటిది 'డ్యూక్ ఆఫ్ ఆర్గైల్' మీద, తక్కిన రెండూ 'ఆఫ్రికన్' మీద సాగాయి. ఆ కాలంలో రాసిన ఓడ దినచర్యను బెర్నార్డ్ మార్టిన్, మార్క్ స్పరెల్ పరిష్కరించి 1962లో ప్రచురించారు. ఈ పత్రాన్ని ఆత్మకథ పక్కన పెట్టి చదవడం పరిశోధకునికి కష్టమైన అనుభవం.

ఆత్మకథలో కనిపించే కెప్టెను ఆదివారం రెండుసార్లు నావికులను సమకూర్చి ఆరాధన జరుపుతాడు. ఏకాంతంలో బైబిలు చదువుతాడు. భార్యకు ప్రేమతో, భక్తితో లేఖలు రాస్తాడు. దినచర్యలో కనిపించే కెప్టెను మరణించిన బానిసలను పేరుతో కాక సంఖ్యతో నమోదు చేస్తాడు. 1752 డిసెంబరులో తిరుగుబాటు కుట్ర బయటపడినప్పుడు, నిజం చెప్పించడానికి బాలురకు సంకెళ్లు వేయించి, బొటనవేళ్లను నొక్కే ఇనుప మరలు బిగించినట్లు తన చేతులతోనే రాసుకున్నాడు. ఈ ఇద్దరూ ఒక్కరే. ఆనాటి అతని భక్తిని నటన అనడానికి ఆధారం లేదు. నిజమైన భక్తి, నిజమైన క్రౌర్యం ఒకే మనిషిలో, ఒకే ఓడపై ఘర్షణ లేకుండా ఇమడగలిగాయన్నదే ఇక్కడి చారిత్రక సమస్య.

ఆయన ఆ వృత్తిని విడిచిన కారణం కూడా గమనించదగ్గది. 1754లో మరో ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఆకస్మికంగా మూర్ఛ వచ్చింది. వైద్యుల సలహాపై సముద్రయానం మానుకున్నాడు. సంకెళ్లతో పని చేసే ఈ వృత్తి, జైలరు కొలువులాంటిదిగా తోచి, తనకు రోత కలిగించిందని, వేరే పని దొరకాలని ప్రార్థించానని ఆత్మకథలో చెప్పాడు. అది పాపమని మాత్రం అక్కడ చెప్పలేదు. ఇష్టం లేకపోవడం వేరు, అన్యాయమని గ్రహించడం వేరు.

4. మొలక, వెన్ను, గింజ

లివర్‌పూల్ రేవులో సుంకాల తనిఖీ అధికారిగా పనిచేస్తూ న్యూటన్ గ్రీకు, హీబ్రూ భాషలు నేర్చుకున్నాడు. 1764లో గురుపట్టం పొంది ఓల్నీ గ్రామంలో సంఘకాపరి అయ్యాడు. విశ్వాసం క్రమంగా ఎదగడాన్ని గురించి ఆయన రాసిన మూడు ప్రసిద్ధ లేఖలు ఈ దశలోనివే. 'ఒమిక్రాన్' అనే కలంపేరుతో 1774లో వచ్చిన సంపుటిలో అవి చేరాయి.

మార్కు సువార్త 4వ అధ్యాయంలోని పైరు ఉపమానాన్ని ఆధారం చేసుకుని ఆయన మూడు దశలను వివరించాడు. మొలక దశలోని విశ్వాసికి ప్రధాన లక్షణం ఆకాంక్ష. వెన్ను దశకు లక్షణం సంఘర్షణ. తనలోని చెడు ఎంత లోతైనదో విశ్వాసి తెలుసుకునేది ఇక్కడే. గింజ ముదిరిన దశకు లక్షణం ధ్యానం. అది వినయంలో, ఇతరుల పట్ల మృదుత్వంలో వ్యక్తమవుతుంది. ఒక దశను మరో దశతో పోల్చి కించపరచకుండా, మొలకను మొలకగానే ఆదరించడం ఈ లేఖల ప్రత్యేకత. సంఘకాపరిగా ఆయనకున్న అనుభవం, ఓర్పు వీటిలో కనిపిస్తాయి.

అయితే ఈ చిత్రణ అంతా అంతరంగానికి సంబంధించినది. ఎదుగుదలకు కొలమానం విశ్వాసి హృదయం; అతని వృత్తి, ఆదాయం, వాటి భారం మోసే ఇతరులు ఆ కొలతలోకి రారు. 1773 జనవరి 1 నాటి ప్రసంగానికి అనుబంధంగా కూర్చినట్లు భావించే 'ఎమేజింగ్ గ్రేస్' (1779లో 'ఓల్నీ హిమ్స్' సంపుటిలో ముద్రితం) లోని అంధత్వం కూడా అలాంటిదే. అది దేవుణ్ణి ఎరుగని వ్యక్తి ఆత్మ చీకటి.

5. రెండో స్పర్శ

1780 నుంచి న్యూటన్ లండన్‌లో సెయింట్ మేరీ ఊల్‌నాత్ ఆలయ సంఘకాపరిగా ఉన్నాడు. అప్పటికి బానిస వ్యాపారంపై నిరసన బయటినుంచి వినిపిస్తోంది. జాన్ వెస్లీ 1774లోనే దాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు. 1783లో క్వేకర్లు పార్లమెంటుకు విన్నపం పంపారు. ఓల్నీలో న్యూటన్‌కు సహచరుడైన కవి విలియం కూపర్ 1785 నాటి తన కావ్యంలో బానిసత్వాన్ని నిరసించాడు. అదే ఏడాది డిసెంబరులో యువ పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్ ఆత్మీయ సలహా కోసం న్యూటన్‌ను కలిశాడు. రాజకీయాలు విడిచిపెట్టకుండా అక్కడే దేవుని సేవ చేయమన్నది న్యూటన్ సలహా. 1787లో బానిస వ్యాపార నిర్మూలన సంఘం ఏర్పడింది.

1788లో న్యూటన్ ఆఫ్రికా బానిస వ్యాపారంపై కరపత్రం ప్రచురించాడు. ఓడల్లో మనుషులను ఇరికించే తీరు, స్త్రీలపై అత్యాచారాలు, హింసాసాధనాలు, నావికుల నైతిక పతనం – అన్నింటినీ ప్రత్యక్షసాక్షిగా వివరించాడు. ఈ ఒప్పుకోలు ఆలస్యంగా వచ్చిందని, తాను ఆ పనిలో పాలుపంచుకోవడం అవమానకరమైన జ్ఞాపకమని అంగీకరించాడు. ఆనాడు తనకు మనస్సాక్షి బాధ కలగలేదని, ఏ స్నేహితుడూ అలాంటి ఆలోచన కలిగించలేదని కూడా రాశాడు. అదే సంవత్సరం ప్రీవీ కౌన్సిల్ ఎదుట సాక్ష్యమిచ్చాడు.

ఈ వ్యాసానికి కీలకమైన వాక్యం 1793 నాటిది. భార్య మరణానంతరం ఆమెకు రాసిన లేఖలను ప్రచురిస్తూ, ఆనాడు ఆ వృత్తిపై తనకు భయం ఎందుకు కలగలేదని తననే ప్రశ్నించుకున్నాడు. అలవాటు, చుట్టూ ఉన్నవారి నడవడి, లాభం – ఈ మూడూ తన కళ్లకు గంతలు కట్టాయన్నది ఆయన సమాధానం. కీర్తనలోని అంధత్వానికి, ఈ అంధత్వానికి తేడా స్పష్టం. మొదటిది వ్యక్తి ఆత్మలోని చీకటి. రెండోది సమాజం, విపణి కలిసి అల్లిన చీకటి. ప్రార్థించే మనిషిని కూడా కప్పగలిగినది. మొదటిది తొలగినా రెండోది మిగిలింది. అది తొలగడానికి ఏకాంత ధ్యానం చాలలేదు. స్నేహితులు చెప్పని మాటను గట్టిగా పలికే ఇతరుల గొంతులు కావలసివచ్చాయి.

6. ముగింపు

బానిస వ్యాపారాన్ని రద్దుచేసే చట్టం 1807 మార్చి 25న అమల్లోకి రాకపోయినా ఆమోదముద్ర పొందింది. అప్పటికి న్యూటన్ కంటిచూపు దాదాపు పోయింది. అదే ఏడాది డిసెంబరు 21న మరణించాడు.

విశ్వాసం మెల్లగా ఎదుగుతుందన్న సిద్ధాంతం ఓదార్పునిస్తుంది. సాకుగా కూడా మారగలదు. న్యూటన్ 40 ఏళ్ల ఎదుగుదలకు మూల్యం చెల్లించినవారు ఆయన దినచర్యలో సంఖ్యలుగా మిగిలినవారే. ఆ సంగతి దాచకుండా తానే రాసిపెట్టడం ఆయన విశ్వాసం పక్వమైందనడానికి బలమైన ఆధారం.

మారుమనస్సు కథనాలను అధ్యయనం చేసేవారికి ఇందులో ఒక పద్ధతి ఉంది. తెలుగు క్రైస్తవ చరిత్రలో కూడా సంఖ్యలు, తేదీలు ప్రముఖంగా నిలుస్తాయి. 1878 జులై 3న ఒంగోలు మిషన్ పరిధిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందడం అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. బాప్తిస్మపు తేదీ కథకు ఆరంభం మాత్రమే. ఆ తరువాతి దశాబ్దాల్లో విశ్వాసి కులాన్ని, కూలిని, పొరుగువాణ్ణి ఎలా చూశాడన్న ప్రశ్నను లేఖలు, దినచర్యలు, సంఘ దస్త్రాల ఆధారంగా అడిగినప్పుడే ఎదుగుదల చరిత్ర మొదలవుతుంది.